తెర నల్లబడితే అంతా పోయినట్టేనా?

ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాప్ మూలపడితే పోయేది దాని వెల ఒక్కటే కాదు. పిల్లల చిన్ననాటి ఫొటోలు, పెళ్లి వీడియోలు, గతించిన పెద్దల కంఠస్వరాలు, ఏళ్ల తరబడి రాసుకున్న ఇంటి లెక్కలు అందులోనే ఉంటాయి. ఒకనాడు మీట నొక్కితే తెర నల్లగా ఉండిపోతుంది. “అయ్యో, అన్నీ పోయాయి” అని ఇంట్లోవారు కలతపడతారు. “పాతదైపోయింది, కొత్తది కొనండి” అని ఎవరో సలహా ఇస్తారు. ఈ రెండు మాటలనూ వెంటనే నమ్మవద్దు. ఆ ఫొటోలు ఉండేది తెరలో కాదు, క్రింది భాగంలోని హార్డ్ డిస్క్‌లో. తెర చెడినంత మాత్రాన అవి చెడవు.

తెర ఎలా వెలుగుతుంది?

ఎల్.సి.డి. తెరకు స్వంత వెలుగు లేదు. అందులోని చుక్కలు కిటికీ రెక్కల వంటివి. వెనుకనుండి వచ్చే వెలుగును కావలసినంత మేరకు ముందుకు వదులుతాయి. సుమారు 2010కి ముందు వచ్చిన ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ వాటికి ఆ వెలుగునిచ్చేది సన్నని ఫ్లోరసెంట్ గొట్టం. మన ట్యూబ్‌లైటు వంటిదే, ఇంకా సన్నగా ఉంటుంది. దానిని వెలిగించడానికి ఇన్వర్టర్ అనే చిన్న పలక వందల వోల్టులు పుట్టిస్తుంది. కరెంటు పోయినప్పుడు మనం ఇంట్లో వాడే ఇన్వర్టర్ వేరు, ఇది వేరు. తరువాత వచ్చిన వాటిలో ఎల్.ఇ.డి. దీపాలు ఉన్నాయి. ఇక బొమ్మను తయారుచేసేది క్రింద ఉన్న గ్రాఫిక్స్ చిప్. అక్కడినుండి ఒక సన్నని కేబుల్ మూత కీలు ప్రక్కగా పైకి వెళ్లి తెరను చేరుతుంది.

కాబట్టి దీపం, కేబుల్, తెర పలక, చిప్ – ఈ నాలుగింటిలో చెడినది ఏది అన్నదే అసలు ప్రశ్న. దీనికి జవాబు చాలా వరకు ఇంట్లోనే, ఒక్క మర కూడా విప్పకుండా తెలుసుకోవచ్చు.

ఇంట్లో చేయదగిన పరీక్షలు

మొదట ఛార్జర్ తీసివేయండి. బ్యాటరీ ఊడివచ్చేదైతే దానినీ తీసి, పవర్ మీటను అర నిమిషం నొక్కి పట్టుకోండి. తిరిగి ఛార్జర్ పెట్టి చూడండి. కొన్నిసార్లు ఇంతటితోనే తెర వస్తుంది.

రాకపోతే గది చీకటి చేసి, తెర మీద టార్చిలైటును ఏటవాలుగా వేయండి. బొమ్మ మసకగా కనబడితే తెర పలక బాగానే ఉంది, పోయింది వెనుక దీపమో దానికి కరెంటు ఇచ్చే భాగమో. ఫ్లోరసెంట్ గొట్టం ఉన్నవాటిలో ఆరిపోవడానికి ముందు కొంతకాలం తెర ఎర్రగా వెలగడం సామాన్యం.

మూడవది, మూతను మెల్లగా ముందుకు వెనుకకు కదపండి. కదిపినప్పుడల్లా బొమ్మ వచ్చిపోతూ ఉంటే కీలు దగ్గర కేబుల్ నలిగిందని అనుమానించవచ్చు.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది. ల్యాప్‌టాప్‌ను ఇంట్లోని టీవీకి గాని, వేరొక మానిటర్‌కు గాని తగిన వైరుతో కలపండి. బొమ్మ దానంతట అది రాకపోతే విండోస్ మీటను, ‘పి’ అక్షరాన్ని కలిపి నొక్కండి. అక్కడ బొమ్మ చక్కగా వస్తే చిప్ క్షేమంగా ఉంది. మరేమీ చేయకముందే ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. అక్కడ కూడా అవే గీతలు, చుక్కలు కనబడితే లోపం చిప్‌లోనో, మెమరీలోనో, సాఫ్ట్‌వేర్‌లోనో ఉంది.

మరమ్మతు చేయించాలా?

కేబుల్, దీపం, తెర పలక మార్చదగినవే. పలక వెనుక అంటించిన చీటీ మీద ఉన్న నంబరు సరిచూసి కొత్తది వేయమని మెకానిక్‌ను అడగండి. ఖర్చు ముందుగా చెప్పించుకోండి, మార్చిన పాత భాగాన్ని తిరిగి ఇమ్మనండి. చిప్ లోపమైతే ఖర్చు ఎక్కువ, నమ్మకం తక్కువ. ఇది వాడేవారి అజాగ్రత్త వల్లనే వస్తుందని అనుకోనక్కరలేదు. కొన్ని ల్యాప్‌టాప్ చిప్‌ల తయారీలో వాడిన పదార్థం బలహీనమైనదని 2008 జులైలో ఎన్‌విడియా సంస్థే ప్రకటించి, ఆ నష్టానికి 15 నుండి 20 కోట్ల డాలర్లు కేటాయించింది. బోర్డును వేడిచేసి బాగుచేస్తామనేవారుంటారు. అది పనిచేసినా తరచు కొద్దిదినాల ముచ్చటే. అటువంటప్పుడు హార్డ్ డిస్క్‌ను బయటకు తీయించి, యు.ఎస్.బి. పెట్టెలో పెట్టించుకుంటే ఎక్కువ వాటిలో ఫొటోలు దక్కుతాయి.

ఒక్క హెచ్చరిక. మూత లోపలి భాగాలను మీరే విప్పవద్దు. ఇన్వర్టర్ షాక్ కొడుతుంది. ఫ్లోరసెంట్ గొట్టంలో కొద్దిపాటి పాదరసం కూడా ఉంటుంది. అందుకే చెడిన తెరను చెత్తకుండీలో వేయక, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించాలి.

బాగుచేయడం గిట్టుబాటు కాకపోయినా, టీవీలో బొమ్మ వస్తున్నంతకాలం ఆ ల్యాప్‌టాప్ పనికిరానిది కాదు. ఒక పాత మానిటర్‌కు కలిపి బల్లమీద ఉంచితే పిల్లల చదువుకు ఇంకా కొన్నేళ్లు అక్కరకు వస్తుంది. క్రొత్తదానికి డబ్బు లెక్కపెట్టే ముందు ఒక సాయంత్రం ఈ పరీక్షలకు కేటాయించండి.