ఏది ఎంత ఆవిరవుతుంది?



ఒక గిన్నెలో కొబ్బరినూనె, ఒక గిన్నెలో నీళ్లు, మరొక గిన్నెలో గోళ్లరంగు తుడిచే ఎసిటోను పోసి పక్కపక్కనే పెట్టామనుకోండి. ఎసిటోను వాసన క్షణాల్లో గదంతా పరుచుకుంటుంది. తెల్లవారేసరికి నీళ్లు కొంచెం తగ్గుతాయి. నూనె మాత్రం ఎన్నాళ్లయినా అలాగే వుంటుంది. గాలిలో కలిసిపోవాలనే తొందర ఒక్కొక్క పదార్థానికి ఒక్కొక్క విధంగా వుంటుందన్నమాట. ఆ తొందరను కొలిచి చెప్పే అంకెనే బాష్పపీడనం అంటారు.

పేరు విని బెదరనక్కరలేదు. డాక్టరుగారు రక్తపోటు చూసి 120, 80 అంటారు కదా, అవి పాదరసం మట్టాన్ని చెప్పే మిల్లీమీటర్లు. బాష్పపీడనాన్నీ ఆ కొలతలోనే చెప్పుకోవచ్చు. 20 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర నీటికి ఇది 17.5 మిల్లీమీటర్లు, ఎసిటోనుకు సుమారు 180. మన చుట్టూ వున్న గాలి పీడనం 760. వేడి పెరిగేకొద్దీ బాష్పపీడనం పెరుగుతుంది. అది 760కి చేరిందంటే ఆ ద్రవం మరుగుతుంది. ఎసట్లో నీళ్లు 100 డిగ్రీలకు తెర్లడం ఇందువల్లనే.

ఇదంతా మనకెందుకు అంటారేమో. నాతవరం, నర్సీపట్నం వున్న అనకాపల్లి జిల్లాలోనే అచ్యుతాపురం వున్నది. అక్కడి మందుల కర్మాగారం ఒకదానిలో 2024 ఆగస్టు 21న మిథైల్ టెర్షియరీ బ్యూటైల్ ఈథర్ అనే ద్రావకం కారింది. దీని బాష్పపీడనం 25 డిగ్రీల దగ్గరే సుమారు 250. అంటే మామూలు గది వేడికే బోలెడంత ఆవిరవుతుంది. ఆ ఆవిరి అంటుకుని పేలడంతో 17 మంది ప్రాణాలు పోయాయి. ఏ రసాయనాన్ని ఎలా దాచాలి, కారితే ఎంత దూరం వరకు ప్రమాదం అని తేల్చడానికి ఈ అంకె ముందుగా తెలిసి వుండాలి.

చిక్కేమిటంటే, వాడకంలో వున్న రసాయనాలు వేలకు వేలు. అన్నింటినీ ప్రయోగశాలలో కొలిచినవారు లేరు. కొన్ని కొలవడానికే ప్రమాదకరం. కొన్ని మరీ తక్కువగా ఆవిరవుతాయి గనుక కొలతకు అందవు. అందుకని కంప్యూటరు చేత అంచనా కట్టిస్తారు.

అంచనా కట్టడం మనకు కొత్త కాదు. ఇంటికి కొత్తరకం బియ్యం వస్తే గింజ చూసి, ఇది ఫలానా బియ్యంలా వుంది, ఇంత ఎసరు పడుతుంది అనుకుంటాం. కంప్యూటరు చేసేదీ అంతే. రసాయనపు అణువును చిన్నచిన్న ముక్కలుగా విడదీసి, కొలిచిన రసాయనాల్లో అటువంటి ముక్కలు ఏ విధంగా ప్రవర్తించాయో చూస్తుంది. దానినిబట్టి ఎన్ని డిగ్రీలకు మరుగుతుందో లెక్కకట్టి, దాని నుంచి బాష్పపీడనం రాబడుతుంది. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ వారి ఎపి సూట్ అనే ప్రోగ్రాము ఈ పని చేస్తుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

అయితే బియ్యం అనుభవంతో కొర్రలు వండబోతే ఎసరు తప్పవచ్చు. అలాగే కంప్యూటరుకు తెలిసిన వాటితో పోలికలేని రసాయనమైతే అంచనా చాలా దూరం పోతుంది. అందుచేత ఆ అంకె కొలిచిందా, అంచనా కట్టిందా అని అడగడం మొదటి జాగ్రత్త.

రెండవ జాగ్రత్త ఇంకా ముఖ్యం. ఆ అంకె ఎన్ని డిగ్రీల దగ్గరిది? 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో గోపాలపట్నం దగ్గర ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్లమీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు, వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. విచిత్రమేమిటంటే, 20 డిగ్రీల దగ్గర స్టైరీన్ బాష్పపీడనం కేవలం 5 మిల్లీమీటర్లు, నీటిలో మూడోవంతు కూడా లేదు! ఆ అంకె సరైనదే. కాని లాక్‌డౌన్‌లో నిలవవున్న స్టైరీన్ తనలో తాను ముద్దకట్టడం మొదలుపెట్టి, ఆ చర్యతో తనే వేడెక్కింది. స్టైరీన్ మరిగేది 145 డిగ్రీలకు. ట్యాంకులో వేడి 150 దాటింది. ఇక ఆవిరిని ఆపేదేముంది? ట్యాంకు అడుగున మాత్రమే వేడి కొలుస్తున్నారనీ, పైభాగాన కొలిచే ఏర్పాటు లేదనీ ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది.

విషవాయువు గాలివాటున ఎంతదూరం పోతుందో లెక్కగట్టే అలోహా అనే ప్రోగ్రాము కూడా వున్నది. ట్యాంకులో జరిగే ఇటువంటి రసాయనిక చర్యలను మాత్రం అది లెక్కలోకి తీసుకోదు. కంప్యూటరు ఎంత తెలివైనదైనా, ట్యాంకు దగ్గర థర్మామీటరు చూసే మనిషికి బదులు కాలేదు.

ఇక ఇంటి సంగతి. పెట్రోలు, రంగుల్లో కలిపే థిన్నరు, ఎసిటోను ఇవన్నీ త్వరగా ఆవిరయ్యేవే. వీటి ఆవిరి గాలికన్నా బరువు గనుక నేలబారున పాకి, పొయ్యి దగ్గరకో దేవుడి దీపం దగ్గరకో చేరి అంటుకోగలదు. వీటిని తలుపులు తీసి, మంటకు దూరంగా వాడండి. మూత బిగించి, ఎండ తగలని చోట పెట్టండి. కలరా వుండలు గట్టి పదార్థమే అయినా ఆవిరవుతూనే వుంటాయి. పసిపిల్లల బట్టల్లో వేయకండి, పట్టుచీరలు గాలికి ఆరవేసి కట్టుకోండి.

ఫ్యాక్టరీల దగ్గర కాపురముండేవారు మహిళామండలి తరఫున నాలుగు ప్రశ్నలు అడగవచ్చు. లోపల ఏ రసాయనం నిలవవున్నది? దానిని ఎన్ని డిగ్రీలలో వుంచాలి? ఆ వేడిని ఎక్కడెక్కడ కొలుస్తున్నారు? సైరను మోగితే ఎటు పోవాలి? స్టైరీన్ వంటి బరువైన ఆవిరి పల్లంలో నిలుస్తుంది గనుక పల్లానికి దిగకూడదు. గాలి వీచే దారికి అడ్డంగా తప్పుకోవాలి.

అంకె చెప్పినవారిని, ఎన్ని డిగ్రీల దగ్గర అని తప్పక అడగండి. సెలవు.