అద్దకపు బొమ్మలకు తగిన బొంత

కార్తికము గడచి మంచు కురియ నారంభించినంతనే మన యిండ్లలో బొంతలు వెలుపలికి వచ్చును. కంచిలి, సోంపేట, ఉద్దానపు పల్లెలలోనే కాదు, ఏ తెలుగూర చూచినను ఇది కలదు. మెత్తబడిన పాత చీరలను నాలుగైదు పొరలుగా పరచి సూదితో కూర్చుట పెద్దల నాటి విద్య. దానికి ప్రత్యేకమైన రూపకల్పనతో పని లేదు. చీర యెంతయో బొంతయు నంతే. కాని బొమ్మలు అద్దిన కలంకారీ గుడ్డలు కొని తెచ్చి, వానితో బొంత కుట్టదలచు గృహిణులును కలరు. అట్టివారికి తోచు ప్రశ్న యొకటే: బొమ్మ చెడకుండ ఏ తీరున అమర్చవలెను? కత్తెర పడిన పిమ్మట చింతించి ఫలము లేదు గనుక ముందే యోచింతము.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 17, 18 శతాబ్దములలో మచిలీపట్నము మొదలైన రేవుల నుండి మన అద్దకపు గుడ్డలు ఓడలలో ఐరోపాకు పోయెను. మంచముపై పరచు పెద్ద గుడ్డను పలంగ్‌పోష్ అనెడివారు. ఆంగ్లేయుల నోట అది పలంపూర్ అయ్యెను. నడుమ కొమ్మలు చాచిన పూలచెట్టు, చుట్టును అంచు, ఇది దాని రూపము. ఈ మోజు వలన తమ నేతగాండ్రకు జీవనము చెడునని ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను నిషేధపు శాసనములు చేసెను. అయినను మోజు తగ్గలేదు. ఇంగ్లండు, అమెరికా స్త్రీలు అట్టి గుడ్డలలోని పూలను, పక్షులను కత్తిరించి, తెల్లని గుడ్డపై కుట్టి, నడుమ నొక బొమ్మ, దాని చుట్టును చట్రములుగా బొంతలు చేసిరి. ఆ యమరిక నేటికిని మనకు పనికివచ్చును.

ముందుగా బొమ్మ యేదియో చూడవలెను. శ్రీకాళహస్తి పద్ధతిలో కలముతో వ్రాసిన గుడ్డలపై రామాయణ, భారత కథలు తఱచు. కాలు తగులు బొంతపై దేవతామూర్తి యుండుట మన యింట ఎవరికిని ఇష్టము కాదు. అట్టి దానిని గోడకు వ్రేలాడదీయుటకై కుట్టుట మేలు. మచిలీపట్నము, పెడన వైపు చెక్క అచ్చులతో అద్దిన లతలు, పూలు, నెమళ్లు కప్పుకొను బొంతకు తగినవి.

బొమ్మ పెద్దది, ఒక్కటే యైనచో దానిని కోయక నడుమ నుంచవలెను. వెడల్పు 36, పొడవు 54 అంగుళములు గల బొమ్మ యున్నదనుకొందము. చుట్టును 2 అంగుళముల సాదా పట్టీ, 6 అంగుళముల పూల పట్టీ, 4 అంగుళముల ముదురు పట్టీ వేసినచో బొంత 60, 78 అంగుళములగును. మొదటి సాదా పట్టీని విడువరాదు. అది లేనిచో బొమ్మయు పూల పట్టీయు కలిసిపోయి కన్నెక్కడ నిలువవలెనో తెలియదు.

సమానమైన బొమ్మలు ఆఱు కలవనుకొందము. ఒక్కొక్కటి 20 అంగుళముల వెడల్పు, 24 అంగుళముల పొడవు. వరుసకు రెండు చొప్పున మూడు వరుసలు పేర్చి, నడుమను చుట్టును 4 అంగుళముల పట్టీలు వేసినచో 52, 88 అంగుళముల బొంత వచ్చును. ఒంటి మంచమునకు చాలును. కుట్టుకై ప్రతి తునకకు అన్ని వైపుల అర అంగుళము అదనముగా వదలుట మఱవరాదు.

బొమ్మలు హెచ్చుతగ్గులుగా నున్నచో పెద్దవానిని కోసి చిన్నవానితో సమము చేయరాదు. చిన్నవానికే అంచు కట్టి పెద్దవాని కొలతకు తేవలెను. చిన్న చిన్న ముక్కోణములు, చతురములు కూర్చు అమరికలు చిన్న పూల గుడ్డలకే గాని బొమ్మలకు పనికిరావు. నెమలి మెడ ఒకచోట, తోక ఒకచోట పడును.

పట్టీల రంగు బొమ్మలోని రంగులలో నొకటి కావలెను. మిక్కిలి మెఱయునది కారాదు. రంగు వేయని ఖద్దరు చక్కగా నమరును. మన జిల్లాలో పొందూరు ఖద్దరు ప్రసిద్ధమే కదా! సరిహద్దు కావల, పూరీ సమీపమున పిపిలి పనివారు ఏకరంగు నేలపై గుడ్డ బొమ్మలు కుట్టు తీరు చూచినను ఈ సూత్రమే తెలియును.

ఇక రంగు దిగుట. కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డపై, పటిక అద్దిన చోటనే ఎఱుపు నిలుచును. నిలువని రంగు పారు నీటిలో పోవలెను. ఆ యుతుకు చాలనిచో అది మన యింట దిగును. మేము ఒకసారి ఈ జాగ్రత్త మఱచితిమి. నెలనాళ్లు కుట్టిన బొంతలో తెల్లని పట్టీలన్నిటిపై మొదటి ఉతుకులోనే గులాబి మచ్చలు పడెను. కావున కోయుటకు ముందే ప్రతి గుడ్డను వేఱుగా చన్నీట నానబెట్టి, నీడన ఆరబెట్టవలెను. తడి తెల్లగుడ్డతో ఒత్తి చూచినచో రంగు సంగతి తెలియును. క్రుంగునదియు అప్పుడే క్రుంగును.

పై గుడ్డ, లోపలి పొరలు, అస్తరు కలిపి ముందు కచ్చా కుట్టు వేసి, నడుమ నుండి అంచులకు కుట్టుచు పోవలెను. అంచుల నుండి ఆరంభించినచో నడుమ ముడుతలు నిలుచును. సూది బొమ్మ గీత వెంట చుట్టును పోవలెను గాని ముఖము మీదుగా, రెక్క మీదుగా పోరాదు.

లోపలి పొరలకు క్రొత్త గుడ్డ కొననక్కఱలేదు. అమ్మ కట్టి విడిచిన నూలు చీరకు మించిన మెత్తన లేదు. పైనున్న నెమలిని చూచి వచ్చినవారు మెచ్చుకొందురు. లోపలి చీర ఎవరిదో కప్పుకొన్న బిడ్డకు మనమే చెప్పవలెను.