పాఠం 14: బేస్ గిటారు - బృందంలో దాని పని, దాని సంరక్షణ

14.1 ఉపోద్ఘాతం

మీరు పెళ్ళి పందిట్లోనో, దసరా ఉత్సవాల్లోనో ఆర్కెస్ట్రా పాటకచేరి చూసే ఉంటారు. గాయకులు ముందు నిలబడతారు. కీబోర్డు, డ్రమ్ములు, గిటారు వాయించేవారు వారి వెనుక ఉంటారు. వారి పక్కనే పొడవాటి గిటారు పట్టుకొని, పెద్దగా కదలకుండా, తల ఊపుతూ వాయించే మనిషి ఒకరు కనిపిస్తారు. ఆయన ఏం వాయిస్తున్నారో చాలామందికి విడిగా వినిపించదు. కాని ఆయన ఆపేస్తే పాట ఒక్కసారిగా బోలుగా అయిపోతుంది. ఆయన చేతిలో ఉన్నదే బేస్ గిటారు.

ఈ పాఠంలో బేస్ గిటారు ఎలా పనిచేస్తుందో, బృందంలో దాని పాత్ర ఏమిటో, దాన్ని చెడిపోకుండా ఎలా కాపాడుకోవాలో తెలుసుకొందాం. ఇందుకు ఉదాహరణగా పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌ను తీసుకొందాం.

14.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
- బేస్ గిటారు నాలుగు తీగల స్థాయిలను చెప్పగలుగుతారు.
- తీగ కంపనం స్పీకర్లో ధ్వనిగా ఎలా మారుతుందో వివరించగలుగుతారు.
- నెక్ వంపును కొలిచి, ఏం చేయాలో నిర్ణయించగలుగుతారు.
- వేదిక మీద విద్యుత్ ప్రమాదం జరగకుండా జాగ్రత్తలు తీసుకోగలుగుతారు.

14.3 ఖరగ్‌పూర్ - పనిముట్లు తెలిసిన ఊరు

ఖరగ్‌పూర్ బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో పెరిగిన ఊరు. రైల్వే పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడికి వెళ్ళి స్థిరపడ్డాయి. బెంగాలీలు, ఆంగ్లో ఇండియన్లు, ఒడియా వారు, హిందీ మాట్లాడేవారు వారికి ఇరుగుపొరుగు అయ్యారు. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేకు ఇక్కడ పెద్ద వర్క్‌షాప్ ఉంది. ఊరి శివార్లలో హిజ్లీ వద్ద 1951లో దేశంలోని మొదటి ఐఐటి ప్రారంభమైంది. ఐఐటి విద్యార్థులు నిర్వహించే స్ప్రింగ్ ఫెస్ట్‌లో రాక్ బృందాల పోటీ కూడా ఉంటుంది.

రైల్వే వర్క్‌షాప్‌లో ఒక మంచి పద్ధతి ఉంది. కోచ్‌గాని వ్యాగన్‌గాని చెడిపోయే దాకా ఆగరు. నిర్ణీత కాలం కాగానే, అది బాగానే నడుస్తున్నా, వర్క్‌షాప్‌కు రప్పించి విప్పి చూస్తారు. దీన్నే పీరియాడికల్ ఓవర్‌హాల్ అంటారు. పగలు ఇలాంటి పని చేసే ఫిట్టరు సాయంత్రం ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తే, తన వాద్యాన్ని కూడా అదే పద్ధతిలో చూసుకోవచ్చు. ఈ పాఠంలో ముఖ్యమైన విషయం ఇదే.

14.4 బేస్ గిటారు ఎలా వచ్చింది?

పూర్వం పాశ్చాత్య సంగీత బృందాల్లో మందర స్వరాల కోసం మనిషంత ఎత్తున్న డబుల్ బేస్ వాడేవారు. దాన్ని మోయడం కష్టం. మిగతా వాద్యాల హోరులో అది సరిగా వినపడేది కాదు. 1930లలో అమెరికాలోని సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ చిన్నదైన విద్యుత్ బేస్‌ను తయారు చేశాడు. అయితే దానికి అంతగా ప్రచారం రాలేదు. 1951లో కాలిఫోర్నియాకు చెందిన లియో ఫెండర్ 'ప్రెసిషన్ బేస్'ను విడుదల చేశాడు. దాని నెక్ మీద ఫ్రెట్‌లు ఉండటంతో స్వరం కచ్చితంగా పలికేది. దాని పేరులోని 'ప్రెసిషన్' అనే మాటకు అర్థం కచ్చితత్వమే.

లియో ఫెండర్‌కు గిటారు వాయించడం రాదు. ఆయన రేడియోలు బాగుచేసే దుకాణం నడిపినవాడు. చెడినదాన్ని విప్పి చూసే అలవాటే ఆయన చేత కొత్త వాద్యాన్ని చేయించింది.

14.5 ధ్వని పుట్టే తీరు

బేస్ గిటారుకు సాధారణంగా నాలుగు తీగలు ఉంటాయి. వాటి స్థాయిలు ఇవి:

నాలుగో తీగ - ఇ - సెకనుకు సుమారు 41 కంపనాలు
మూడో తీగ - ఎ - 55 కంపనాలు
రెండో తీగ - డి - సుమారు 73 కంపనాలు
మొదటి తీగ - జి - 98 కంపనాలు

మామూలు గిటారులోని చివరి నాలుగు తీగల కంటే ఇవి సరిగ్గా ఒక స్థాయి కింద పలుకుతాయి. తీగ స్వరం తగ్గాలంటే మూడు మార్గాలు ఉన్నాయి: పొడవు పెంచడం, బరువు పెంచడం, బిగువు తగ్గించడం. బిగువు మరీ తగ్గిస్తే తీగ వేలాడి స్వరం పలకదు. కాబట్టి బేస్‌లో పొడవును, బరువును పెంచారు. మామూలు విద్యుత్ గిటారు తీగ కంపించే పొడవు సుమారు 65 సెం.మీ. ఉంటే, బేస్‌లో అది సుమారు 86 సెం.మీ. ఉంటుంది. తీగ బరువు పెరగడానికి లోపలి ఉక్కు తీగ మీద మరో తీగను చుడతారు.

తీగ కింద ఉండే పికప్‌లో అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట ఉంటాయి. ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం మారుతుంది. ఆ మార్పు వల్ల చుట్టలో చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది. మైకేల్ ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రం ఇదే. ఆంప్లిఫైయరు ఈ సంకేతాన్ని పెంచి స్పీకరుకు పంపుతుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి - 1
1. 86 సెం.మీ. తీగను సరిగ్గా మధ్యలో నొక్కితే కంపనాల సంఖ్య ఏమవుతుంది?
2. పికప్ పక్కన నైలాను తీగ కంపిస్తే సంకేతం పుడుతుందా? ఎందుకు?

14.6 బృందంలో బేస్ పని

మన సంగీతంలో తంబురా ఆధార శ్రుతిని ఇస్తుంది, మృదంగం లయను ఇస్తుంది. బేస్ గిటారు ఈ రెండింటికీ వంతెన వంటిది. అది స్వరాన్నీ ఇస్తుంది, దరువునూ ఇస్తుంది.

ఒక పాటలో సి, ఎఫ్, జి అనే మూడు కార్డులు వస్తున్నాయనుకొందాం. 'సి'ని షడ్జమంగా తీసుకొంటే, బేస్ వాయించేవారు ఆ మూడు చోట్ల స, మ, ప స్వరాలను పలికించాలి. కీబోర్డు 'సి' కార్డు పట్టినప్పుడు బేస్ తప్పి 'మ' పలికితే, గాయకుడు సరిగా పాడినా అపస్వరంలా వినిపిస్తుంది. భవనంలో పునాది పక్కకు జరిగితే గోడ బాగున్నా వంకరగానే కనిపిస్తుంది కదా!

కొత్తగా నేర్చుకొనేవారు ఈ క్రమం పాటించాలి.
(అ) మొదట డ్రమ్ముల్లో కాలితో కొట్టే పెద్ద డ్రమ్మును వినండి. దాని దెబ్బతోపాటే మీ స్వరం పడాలి.
(ఆ) కార్డుకు ఒక స్వరం చొప్పున వాయించండి. తప్పు లేకుండా పాట పూర్తయ్యాకే మధ్యలో స్వరాలు చేర్చండి.
(ఇ) స్వరం ఆపడం కూడా నేర్చుకోండి. ఒక తీగ వాయిస్తూ ఉంటే మిగతా తీగలను వేళ్ళతో ఆపి ఉంచాలి.

ఇళయరాజా స్వరపరచిన సినిమా పాటల్లో బేస్ విడిగా నడక సాగిస్తుంది. 'గీతాంజలి' (1989) పాటలను మంచి స్పీకరులో వింటూ, గాత్రాన్ని వదిలి కింది స్వరాన్ని మాత్రమే పట్టుకోవడానికి ప్రయత్నించండి.

14.7 నెక్ వంపు - ముందు కొలత, తర్వాత మరమ్మతు

నాలుగు తీగలు కలిసి బేస్ నెక్‌ను సుమారు 70 నుంచి 80 కిలోల బలంతో లాగుతాయి. రాత్రీపగలూ ఈ లాగుడు ఉంటుంది. దీన్ని ఎదుర్కోవడానికి నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. కొయ్యకు తేమను పీల్చే గుణం ఉంది. ఖరగ్‌పూర్‌లో వేసవి ఎండలు, ఆ తర్వాత వర్షాల తేమ రెండూ తీవ్రంగానే ఉంటాయి. అందువల్ల కాలం మారినప్పుడల్లా నెక్ వంపు కొద్దిగా మారుతుంది.

ఒక సందర్భాన్ని ఊహించండి. రైల్వే క్వార్టర్లలో ఐదుగురు మిత్రులు చందాలు వేసుకొని ఒక పాత బేస్ కొన్నారు. రేపు దసరా పందిట్లో కచేరి. ఈ సాయంత్రం సాధనలో మొదటి ఫ్రెట్‌ల దగ్గర గరగరమనే చప్పుడు వస్తున్నది.

"అన్నా, రాడ్ వదులైనట్టుంది. ఇంకో చుట్టు బిగించేదా?"

"ఆగు తమ్ముడూ. ముందు ఫీలర్ గేజి పెట్టి చూద్దాం."

ఆ అన్న చెప్పిందే సరి. తీగలను శ్రుతిలో ఉంచి, ఒక తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి పట్టాలి. ఏడెనిమిది ఫ్రెట్‌ల మధ్య తీగకూ ఫ్రెట్‌కూ ఎంత సందు ఉందో గేజితో కొలవాలి. 0.3 నుంచి 0.4 మి.మీ. సందు ఉంటే నెక్ సరిగా ఉన్నట్టే. సందు అసలు లేకపోతే నెక్ మరీ నిటారుగా గాని, వెనక్కి వంగిగాని ఉన్నట్టు. అప్పుడు రాడ్‌ను వదులు చేయాలి. సందు ఎక్కువగా ఉంటేనే బిగించాలి.

మన ఉదాహరణలో సందు లేదు. అంటే తమ్ముడు బిగించి ఉంటే గరగర ఇంకా పెరిగేది. బలంగా తిప్పి ఉంటే నట్టు మర చెడిపోయేది, లేదా కడ్డీ తెగిపోయేది. కడ్డీ తెగితే ఇంట్లో బాగుపడదు. దాదాపు 115 కి.మీ. దూరంలోని హౌరాకు రైలెక్కి, కోల్‌కతాలో లాల్‌బజార్ దగ్గరి రవీంద్ర సరణి వాద్యాల దుకాణాల్లో పనివారిని వెతుక్కోవాలి. రేపటి కచేరి పోయినట్టే.

కాబట్టి ఈ నియమాలు గుర్తుంచుకోండి.
- నట్టుకు సరిగ్గా సరిపోయే కీ మాత్రమే వాడండి.
- బిగించే ముందు తీగలను కొంత వదులు చేయండి.
- ఒక్కసారికి పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పకండి. మళ్ళీ శ్రుతి చేసి కొలవండి.
- నట్టు తిరగకపోతే బలం వాడకండి. అనుభవం ఉన్నవారికి చూపించండి.

14.8 నిత్య సంరక్షణ

(అ) తీగలు: వాయించిన ప్రతిసారీ పొడి నూలుబట్టతో తీగలను పైన, కింద తుడవాలి. చెమట, మురికి చుట్టల మధ్య చేరితే ధ్వని మొద్దుబారుతుంది. కొత్త తీగలకు డబ్బు లేనప్పుడు పాతవాటిని విప్పి, మంచినీటిలో పది నిమిషాలు మరిగించి, పూర్తిగా ఆరబెట్టి మళ్ళీ బిగించవచ్చు. కొన్ని రోజులపాటు మెరుగు కనిపిస్తుంది. ఇది తాత్కాలిక ఉపాయం మాత్రమే.

(ఆ) స్వరశుద్ధి: పన్నెండో ఫ్రెట్ తీగకు సరిగ్గా మధ్యన ఉంటుంది. అక్కడ తీగను తేలికగా తాకి మీటితే వచ్చే స్వరం, నొక్కి మీటితే వచ్చే స్వరం ఒకటే కావాలి. నొక్కినప్పుడు స్వరం హెచ్చితే బ్రిడ్జి మీద ఆ తీగ కింది దిమ్మను వెనక్కి జరపాలి. తగ్గితే ముందుకు జరపాలి.

(ఇ) గుబ్బలు, సాకెట్టు: వాల్యూమ్ గుబ్బ తిప్పినప్పుడు పటపట చప్పుడు వస్తే లోపల దుమ్ము చేరినట్టు. ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా చల్లి, గుబ్బను అటూ ఇటూ తిప్పాలి. కొబ్బరినూనె, కిరోసిను వాడకూడదు. సాకెట్టు నట్టు బిగించేటప్పుడు సాకెట్టు లోపల తిరగకుండా పట్టుకోవాలి. లేకపోతే సోల్డరు చేసిన తీగలు తెగుతాయి.

(ఈ) నిల్వ: తడి గోడకు ఆనించకండి. ఎండలో నిలిపిన వాహనంలో వదిలిపెట్టకండి. వానాకాలంలో పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు ఉంచండి.

14.9 ప్రాణానికి సంబంధించిన జాగ్రత్త

బేస్ తీగలను ముట్టుకోగానే స్పీకరులోని గుంయ్‌మనే చప్పుడు తగ్గడం మీరు గమనించి ఉంటారు. తీగలు ఆంప్లిఫైయరు ఎర్తుకు కలిసి ఉండటమే దీనికి కారణం. అంటే వాయించేవారి శరీరం ఎర్తుతో కలుస్తుందన్నమాట. ఆ స్థితిలో కరెంటు పారుతున్న మైకును పెదవులతో తాకితే విద్యుత్తు శరీరం గుండా పోతుంది. ఆంప్లిఫైయరుకే ఎర్త్ లేకపోతే తీగలలోకే కరెంటు రావచ్చు.

1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో 'స్టోన్ ది క్రోస్' బృందం గిటారిస్టు లెస్ హార్వీ ఎర్తింగ్ సరిగా లేని మైకును తాకి, వేదిక మీదే విద్యుదాఘాతానికి గురై మరణించాడు. వానకు తడిసిన పందిట్లో ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

- మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్నును ఎప్పుడూ తీసివేయకండి.
- బృందం సామాను అంతా ఎర్త్ సరిగా ఉన్న ఒకే సప్లయి నుంచి నడపండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి.
- కచేరి ముందు ఎర్తింగ్‌ను అర్హత గల ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించండి.
- చిన్న 'షాక్' తగిలినా "పరవాలేదు" అనుకోకండి. మెయిన్ ఆపించి కారణం కనుక్కోండి. పాట ఆలస్యమైతే జనం కాసేపు విసుక్కుంటారు, అంతే.
- ఆంప్లిఫైయరును మీరు విప్పకండి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా కెపాసిటర్లలో విద్యుత్తు నిల్వ ఉండవచ్చు.

మీ ప్రగతిని తెలుసుకోండి - 2
3. నెక్ వంపు కొలిస్తే 0.8 మి.మీ. సందు వచ్చింది. రాడ్‌ను ఎటు తిప్పాలి?
4. ఎర్త్ పిన్ను తీసేస్తే గుంయ్‌మనే చప్పుడు తగ్గిందని మీ మిత్రుడు అన్నాడు. మీరేం చెబుతారు?

14.10 సారాంశం

బేస్ గిటారు పాటకు పునాది స్వరాన్ని, దరువును ఇస్తుంది. పొడవైన, బరువైన తీగల వల్ల దాని స్వరం కిందిస్థాయిలో పలుకుతుంది. నెక్ ఎప్పుడూ లాగుడుకు గురవుతూ ఉంటుంది కాబట్టి వేసవి చివర, వర్షాల చివర తప్పక కొలిచి చూడాలి. ముందు కొలవాలి, తర్వాత కొద్దికొద్దిగా సరిచేయాలి. వాద్యం చెడితే డబ్బు పోతుంది. ఎర్తింగ్ చెడితే మనిషే పోవచ్చు. అందుకే పరీక్షలో మొదటి స్థానం ఎర్తింగ్‌దే.

14.11 చేసి చూడండి

మీ ఊళ్ళో ఏదైనా ఆర్కెస్ట్రా బృందాన్ని కలవండి. వారు కచేరికి ముందు ఏయే పరీక్షలు చేస్తారో అడిగి రాసుకోండి. ఈ పాఠంలో చెప్పినవాటితో పోల్చండి. వారికి తెలిసి, ఇక్కడ లేనివి ఉంటే వేరుగా గుర్తించండి.

జవాబులు
1. రెట్టింపు అవుతుంది. 2. పుట్టదు. నైలాను అయస్కాంత క్షేత్రాన్ని మార్చలేదు. 3. సందు ఎక్కువగా ఉంది కాబట్టి తీగలు వదులు చేసి, బిగించే వైపు పావు చుట్టుకు మించకుండా తిప్పి, మళ్ళీ కొలవాలి. 4. చప్పుడు తగ్గినా రక్షణ పోయింది. పిన్ను వెంటనే పెట్టించి, చప్పుడుకు అసలు కారణం వెతకాలి.