గేటు సంతకమా, రైలు టిక్కెట్టా?

విజయనగరము జిల్లాలో గరివిడి, బొబ్బిలి ప్రాంతములకు పోయినవారికి ఫెర్రో ఎల్లాయ్ కర్మాగారముల పొగగొట్టములు దూరమునుండియే కానవచ్చును. ఖనిజమును, బొగ్గును విద్యుత్తు వేడిమిచే కరగించి, ఉక్కు తయారీకి కావలసిన మిశ్రమలోహములను ఈ కొలుములు తీయుచుండును. ఒక టన్ను ఫెర్రో క్రోము తీయుటకు మూడున్నర వేల నుండి నాలుగు వేల యూనిట్ల వరకు విద్యుత్తు పట్టును. ఫెర్రో సిలికానుకైనచో ఎనిమిది, తొమ్మిది వేల యూనిట్లు కావలెను. కావున విద్యుత్తు ధర కొంచెము పెరిగినను, లోహము ధర కొంచెము తగ్గినను యజమాని మొదట ఆలోచించునది కొలిమి ఆర్పుటను గురించియే. కొలిమి ఆరిన తరువాత ట్రాన్స్‌ఫార్మరుకు పని లేదు, పంపులు నిలిచిపోవును, క్రేను కదలదు. పదిమంది ఎలక్ట్రీషియన్లు చేయుచున్న పనికి ఇద్దరు చాలుదురు. విద్యుత్తు ధర పెరిగినదని విద్యుత్తు పనివానినే ఇంటికి పంపుట వింతగా తోచును గాని, లెక్క మాత్రము అదియే.

మాకు తెలిసిన ఒక ఎలక్ట్రీషియను ఇట్టి కర్మాగారములో పందొమ్మిది సంవత్సరములు పనిచేసినాడు. ఒకనాటి ఉదయము నోటీసు బోర్డుపై కాగితము అంటించిరి. అందులో ఆయన పేరును ఉన్నది. పని లేని మొదటి దినములు ఎట్లు గడచునో అనుభవించినవారికే తెలియును. సైరను కూయగానే మెలకువ వచ్చును. చొక్కా తొడుగుకొన్న తరువాత పోవలసిన చోటు లేదని జ్ఞాపకము వచ్చును. పెరటిలో చెడిపోని స్విచ్చిని విప్పి మరల బిగించినానని ఆయనే మాతో చెప్పినాడు. మూడవనాడు గుజరాతు నుండి బావమరది టెలిఫోను చేసి, “వచ్చేయ్ బావా, ఇక్కడ రోజుకు తొమ్మిది వందలు ఇస్తున్నారు” అన్నాడు. ఆ సాయంకాలమే ఆయన టిక్కెట్టు కొన్నాడు. తొందరపడితినని తెలియుటకు రెండు మాసములు పట్టినది.

ఆయన తొందర ఎక్కడ ఉన్నదో తెలియవలెనన్న, నోటీసులోని ఒక మాట అర్థమును ముందు గ్రహింపవలెను. మన కార్మికులు “తీసివేసినారు” అను ఒక్క మాటతో మూడు వేర్వేరు స్థితులను చెప్పుచుందురు. లే-ఆఫ్ అనగా ఉద్యోగము పోలేదు. పేరు మస్టరు రోలులోనే ఉన్నది. పని మాత్రము తాత్కాలికముగా లేదు. రిట్రెంచిమెంటు అనగా ఉద్యోగమే పోయినది. మూడవది మూసివేత; కర్మాగారమే లేదు. ఈ మూడింటికిని డబ్బు లెక్క వేరు, కార్మికుడు చేయవలసినది వేరు. నోటీసును చదువక దాని చుట్టూ చేరినవారి మాటలను విని ఇంటికి వచ్చినవాడు మొదటి అడుగునే తప్పువేసినవాడగును.

లే-ఆఫ్ పరిహారమునకు 1953 అక్టోబరులో మొదటిసారి చట్టరూపము కలిగినది. బట్టల మిల్లులలో సరుకు పేరుకొనిపోయి కార్మికులను పనిలేక నిలిపివేసిన దినములవి. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమునకు అప్పుడొక కొత్త అధ్యాయమును చేర్చిరి. బొగ్గు కొరత, విద్యుత్తు కొరత, ముడిసరుకు కొరత, సరుకు పేరుకొనుట, యంత్రము చెడుట, ప్రకృతి వైపరీత్యము, ఇట్టి కారణములచేత మస్టరులో పేరున్న కార్మికునికి పని ఇయ్యలేకపోవుటయే లే-ఆఫ్ అని ఆ చట్టము నిర్వచించినది. 2025 నవంబరు 21వ తేదీ నుండి ఆ చట్టము స్థానములో 2020 నాటి పారిశ్రామిక సంబంధముల కోడ్ అమలులోనికి వచ్చినను, మనము చెప్పుకొనుచున్న సూత్రములు అందులోను నిలిచియున్నవి. ఏబదిమందికి తక్కువ కాని కార్మికులు గల కర్మాగారములో ఒక సంవత్సరము ఎడతెగక పనిచేసినవానికి, వారాంతపు సెలవులు తప్ప, లే-ఆఫ్ అయిన ప్రతి దినమునకును మూలవేతనము, కరవుభత్యము కలిపినదానిలో సగము ఇయ్యవలెను. బదిలీ కార్మికులకును, ఋతువును బట్టి నడచు కర్మాగారములలోని వారికిని ఇది వర్తింపదు.

ఆ సగము జీతము ఇంటిలో కూర్చుండిన వచ్చునది కాదు. కార్మికుడు ప్రతి పనిదినమున, నియమించిన వేళకు, ఒక్కసారియైనను గేటు వద్దకు వచ్చి హాజరు చెప్పవలెను. వచ్చినవానికి రెండు గంటలలోపున పని ఇయ్యనిచో ఆనాడు అతడు లే-ఆఫ్ అయినట్లు లెక్క. రానివానికి ఆనాటి పరిహారము లేదు. అదే యజమాని అదే ఊరిలోగాని, పాత చట్టము చెప్పినట్లు అయిదు మైళ్ల లోపలగాని తగిన వేరు పని చూపినప్పుడు కాదన్నవానికిని లేదు. మా మిత్రుడు పరస్థలమునకు పోయినది తప్పు కాదు. పోయిన దినములకు గేటు సంతకము లేదు గనుక సగము జీతమును ఉండదని తెలియకుండ పోవుటయే ఆయనకు నష్టము తెచ్చినది. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి. అయిదవ వారములో కొలిమిని మరల వెలిగించిరి. పనిలోనికి రమ్మను కాగితమును గేటుకు అంటించిరి. రోజూ సంతకమునకు వచ్చుచున్నవారు దానిని చూచి ఆనాడే పనిలో చేరిరి. మా మిత్రుడు అప్పుడు వెయ్యి మైళ్ల దూరములో కేబులు లాగుచుండెను. ఆయన ఇంటికి వచ్చుసరికి పేరు గైరుహాజరు పట్టీలో ఉన్నది. దానిని సరిదిద్దుకొనుటకు యూనియను వారితో కలిసి ఎన్ని మెట్లు ఎక్కి దిగినాడో ఇక్కడ చెప్పబోము.

ఇక డబ్బు మాట. ఊహకొరకు ఒక లెక్క వేయుదము. ఒక ఎలక్ట్రీషియనుకు మూలవేతనము, కరవుభత్యము కలిపి నెలకు 24,000 రూపాయలు వచ్చుచున్నవనుకొందము. లే-ఆఫ్ లో సుమారు 12,000 వచ్చును. పరస్థలములో రోజుకు 900 చొప్పున ఇరువదియారు దినములకు 23,400 రూపాయలు. చూచుటకు పాత జీతమువలెనే ఉన్నది. అందులో భోజనమునకు రోజుకు 150 చొప్పున 4,500, గదిలో వంతు 1,500, సబ్బు, టీ, టెలిఫోను ఖర్చు 600 పోగా 16,800 మిగులును. రెండు నెలలకొకసారి రాకపోకలకు 3,000 అయినచో నెలకు 1,500 చొప్పున తీసివేయగా 15,300. సగము జీతముతో పోల్చిన అధికము 3,300 రూపాయలు మాత్రమే. ఉదయము గేటు వద్ద సంతకము పెట్టి, మధ్యాహ్నము ఊరిలో మోటారు చుట్టుటయో, కొత్త ఇంటికి వైరింగు చేయుటయో దొరికినచో ఆ మూడు వేలు ఇంటికడనే రావచ్చును. పిల్లలకు జ్వరము వచ్చిన రాత్రి తండ్రి దగ్గర ఉండుట ఈ లెక్కలో చేరలేదు.

అయితే ఈ లెక్క ఎల్లకాలము నిలువదు. పన్నెండు మాసములలో లే-ఆఫ్ నలువదియైదు దినములు దాటిన తరువాత, అట్టి ఒప్పందము కార్మికునితో ఉన్నచో, ఆపైన పరిహారము ఇయ్యనక్కరలేదు. యజమాని రిట్రెంచిమెంటునకు పూనుకొనుటకును అప్పుడే వీలు కలుగును. కావున నలువదియైదవ దినము కార్మికుని కాలపట్టికలో ఎఱ్ఱసిరాతో గుర్తుంచుకొనవలసిన దినము. అంతవరకు గేటు, ఆపైన రైలు అనునది మా అభిప్రాయము. రిట్రెంచిమెంటే అయినచో సంవత్సరమునకు పదునైదు దినముల వేతనము చొప్పున పరిహారము, ఒక నెల ముందు నోటీసుగాని దానికి బదులు వేతనముగాని రావలెను. కొత్త కోడ్ లో మరియొక పదునైదు దినముల వేతనము నైపుణ్యనిధి పేరున కార్మికుని ఖాతాలో పడవలసియున్నది. అది చాలమందికి తెలియదు. అడుగనివానికి గుర్తుచేయువారును తక్కువ.

ఇంతవరకు చెప్పినది మస్టరులో పేరున్నవారి సంగతి. కాంట్రాక్టరు క్రింద ఆరు నెలలు, ఎనిమిది నెలలు చేసి మారుచుండువారికి ఈ సగము జీతము తరచుగా చేతికి అందదు. అట్టివారు మొదటి వారమునే బయలుదేరుట తెలివితక్కువ కాదు. వారిని ఇంటివద్ద కూర్చుండుమనుటకు మాకు నోరు రాదు.

పోవువారు ఏమి అడిగి పోవలెను? “రోజుకు తొమ్మిది వందలు” అన్న మాట ఎనిమిది గంటలకా, పన్నెండు గంటలకా అని మొదట అడుగవలెను. పన్నెండు గంటలకైనచో అది నిజమునకు ఆరువందల రూపాయల పనియే. అధికపు గంటలకు రెట్టింపు కూలి ఇయ్యవలెనని చట్టము. ఇచ్చుచున్నారా యని అక్కడ ముందే ఉన్నవానిని అడుగుట మేలు. రెండవది, పని ఏ రకపుదో తెలిసికొనవలెను. కర్మాగారములో ఇరువది సంవత్సరములు కాంటాక్టరులను, రిలేలను, మోటారులను బాగుచేసినవాడు కొత్త నిర్మాణపు పనిలో కేబులు గ్లాండు బిగించుటలో కుఱ్ఱవానికన్న నెమ్మదిగా ఉండవచ్చును. చేతిపరీక్షలో తడబడినచో హెల్పరు కూలి నిర్ణయింతురు. చమురుశుద్ధి కర్మాగారములలోను, విద్యుత్కేంద్రములలోను యంత్రములు నిలిపి చేయు షట్‌డౌను పనులు ఇట్టి అనుభవజ్ఞునికి తగినవి. అవి ముప్పది, నలువది దినములలో ముగియును గనుక ఇంటికి తిరిగివచ్చు గడువును తెలిసియుండును. ఐ.టి.ఐ. పత్రము, వైర్‌మన్ పర్మిటు అసలువి తీసికొనిపోయి చూపవలెను గాని కాంట్రాక్టరు పెట్టెలో దాచనీయరాదు.

తీగల రంగులను గూర్చి ఒక్కమాట చెప్పక విడువలేము. మన దేశపు వాడుకలో మూడు ఫేజులకు ఎఱుపు, పసుపు, నీలము; న్యూట్రలునకు నలుపు. బ్రిటనులో 2004లో ప్రవేశపెట్టి 2006 నుండి తప్పనిసరి చేసిన ఐరోపా రీతిలో ఫేజులకు గోధుమ, నలుపు, బూడిద, న్యూట్రలునకు నీలము. అనగా మన న్యూట్రలు రంగు అక్కడ ప్రాణము తీయు ఫేజు. మన ఫేజు రంగు అక్కడ న్యూట్రలు. విదేశమునకు పోయినవారికే కాదు, విదేశమునుండి దిగుమతియైన యంత్రము మన దేశములోనే ఎదురైనవానికిని ఈ ప్రమాదము కలదు. ఇరువది సంవత్సరములుగా కన్ను నేర్చిన అలవాటు, పన్నెండు గంటల అలసటలో, చేతికంటె ముందు నిర్ణయించును. టెస్టరుతో చూడక, సరఫరా ఆపి తాళము వేయక, పర్మిటు కాగితము చేతికి రాక ఏ తీగను ముట్టరాదు. ఆలస్యమైనదని ఫోర్‌మన్ కోపించిన కోపింపనిండు.

గల్ఫు దేశములకు పోవువారు తెలియవలసిన విషయమొకటి కలదు. పదవ తరగతి ఉత్తీర్ణులైనవారికి ప్రవాస అనుమతి తనిఖీ లేని పాసుపోర్టు లభించును. ఎలక్ట్రీషియన్లలో చాలమంది అట్టివారే. ఇది సౌకర్యమే గాని, తనిఖీ లేనప్పుడు ఒప్పందమును మన ప్రభుత్వపు అధికారి చూచుట కూడ లేదు. కనుక తామే చూచుకొనవలెను. 1983 నాటి ప్రవాస చట్టము క్రింద నమోదైన ఏజెంటు ఒక కార్మికుని వద్ద 30,000 రూపాయలు, దానిపై పన్ను తప్ప అధికముగా తీసికొనరాదు. చూచివచ్చుటకిచ్చు విజిటు వీసాపై పనికి పంపెదనన్నవాని ఇంటి గడప తిరిగి త్రొక్కరాదు.

బయలుదేరుటకు ముందు ఇంటిలో చేయవలసినవి చిన్నవే గాని మరచినచో పెద్దవగును. బ్యాంకు పుస్తకము, భవిష్యనిధి ఖాతా సంఖ్య భార్యకు తెలియవలెను. రేషను కార్డు ఇప్పుడు ఏ రాష్ట్రములోనైనను చెల్లును. ఇంటివారు తమ వంతు ఇక్కడను, పోయినవాడు తన వంతు అక్కడను తీసికొనవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, కర్మాగారమునకు ఒక ఉత్తరము వ్రాసి ఇయ్యవలెను: తాను ఫలానా తేదీ నుండి ఫలానా చోట ఉందుననియు, కొలిమి వెలిగించినప్పుడు ఈ చిరునామాకు, ఈ టెలిఫోను నంబరునకు తెలుపవలెననియు. దాని నకలుపై కార్యాలయపు ముద్ర వేయించుకొనవలెను. రిట్రెంచి చేయబడినవారికి ఒక సంవత్సరములోపున మరల మనుషులను తీసికొనునప్పుడు ప్రాధాన్యమున్నది. చిరునామా తెలియని వానిని ఎవరు పిలుతురు?

మా మిత్రుని కర్మాగారములో ఆ తరువాత మరియొకసారి కొలిమి ఆరినది. ఈసారి ఆయన నలువదియైదు దినములు ఉదయము గేటు వద్ద సంతకము చేసి, మధ్యాహ్నములు ఒక రైసుమిల్లులో మోటారులు చూచుకొన్నాడు. నలువదియారవనాడు ఉత్తరము ఇచ్చి, ముద్ర వేయించుకొని, ఒక విద్యుత్కేంద్రములో ముప్పదియైదు దినముల షట్‌డౌను పనికి పోయినాడు. ఆ ముద్ర కాగితము ఇప్పటికిని ఐ.టి.ఐ. పత్రముతో కూడ ఆయన రేకుపెట్టెలో ఉన్నది. మాకు చూపించినప్పుడు దానిని మడతపోకుండ రెండు అట్టల నడుమ పెట్టియుంచినాడు.