ఈఈజీ నార్మల్ వస్తే జబ్బు లేనట్టేనా?

రామతీర్థం: కుర్రాడు తనలో తనే మాట్లాడుకుంటాడు. ఎవరో పిలుస్తున్నారంటాడు, ఇంట్లోవాళ్లనే అనుమానిస్తాడు. రామతీర్థం లాంటి ఊరి నుంచి విజయనగరం దాకా తీసుకెళ్లి ఈఈజీ తీయిస్తే రిపోర్టు నార్మల్ అని వస్తుంది. ‘జబ్బేం లేదట, జిన్ పట్టిందేమో’ అని ఆమిల్ దగ్గరికి బయల్దేరితే అక్కడే పొరపాటు జరుగుతుంది. స్కిజోఫ్రీనియాను ఈఈజీ ఒక్కటీ చూసి తేల్చలేరు.

ఈఈజీ అంటే తలకు అంటించిన చిన్న బిళ్లలతో మెదడులో పుట్టే కరెంటును గీతలుగా నమోదు చేయడం. మెషిన్ లోపలికి కరెంటు పంపదు, షాక్ ట్రీట్‌మెంట్ వేరు. 1924లో దీన్ని మొదట మనిషిపై చేసిన హాన్స్ బెర్గర్ జర్మనీకి చెందిన మానసిక వైద్యుడే.

పరిశోధకులు ఒకే రకం బీప్‌లు వినిపిస్తూ మధ్యలో వేరే శబ్దం పెడతారు. తేడా పసిగట్టగానే, సెకనులో దాదాపు మూడో వంతుకి, గీత మీద ఒక అల లేస్తుంది. దాని పేరు పి300. స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో ఇది సగటున చిన్నగా ఉంటుంది. సగటున అన్న మాట దగ్గరే చిక్కు. అల్జీమర్స్‌లోనూ, మద్యానికి బానిసలైనవారిలోనూ ఇది తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న కొందరిలోనూ చిన్నగానే ఉండొచ్చు. గుంపుల మధ్య కనిపించే తేడాతో ఎదురుగా ఉన్న ఒక్కరికి జబ్బుందని చెప్పలేరు.

ఏఐ 90 శాతానికి పైగా కచ్చితంగా పట్టేస్తుందనే వార్తలూ వస్తుంటాయి. ఇలాంటి అధ్యయనాలు చాలావరకు వాడుకునే ఒక రికార్డు పోలండ్‌లోని వార్సాలో తీసింది. అందులో ఉన్నది 14 మంది రోగులు, 14 మంది ఆరోగ్యవంతులు. 28 ఖాతాలు చూసి బ్యాంకు మొత్తానికి ఆడిట్ సర్టిఫికెట్ ఇచ్చినట్టే!

మరి డాక్టర్లు ఈఈజీ ఎందుకు రాస్తారు? మూర్ఛ వల్ల కూడా ప్రవర్తన మారొచ్చు, లేని మాటలు వినిపించొచ్చు. అది ఉందేమో చూడటానికి. నార్మల్ అంటే ఆ కాసేపట్లో ఫిట్స్ గుర్తులు కనబడలేదని మాత్రమే.

స్కిజోఫ్రీనియాను సైకియాట్రిస్టు రోగితో, ఇంట్లోవాళ్లతో మాట్లాడి నిర్ధారిస్తారు. నిద్ర ఎప్పటి నుంచి తగ్గింది, పని ఎప్పుడు మానేశాడు, ఏం వినిపిస్తోందంటున్నాడు అని అమ్మీ చెప్పే వివరాలు ఈ గీతల కన్నా ఎక్కువ పనికొస్తాయి. దుఆ మానమని ఎవరూ అనరు. వైద్యం చేయించుకోమన్నది ప్రవక్త (స) బోధనే.

విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.