లిపి, భాష, మార్కులు: జమ్‌షెడ్‌పురమున ఒక పరీక్షానుభవము

పాఠ్యప్రణాళికకును పరీక్షకును గల సంబంధమును ముప్పది యేండ్లు బోధించిన పిమ్మటగాని నేను సరిగా గ్రహింపలేదు. అందులకు హేతువైన సందర్భము జమ్‌షెడ్‌పురమున సంభవించినది.

1907లో టాటా ఉక్కు సంస్థ స్థాపితమై, 1912లో సాక్చీయందు తొలి ఉక్కు వెలువడినది. కర్మాగారపు పనులకై ఉత్తరాంధ్రమునుండి అనేక కుటుంబములు ఇచ్చటికి వలస వచ్చినవి. కదమా, బిష్టుపూర్ ప్రాంతములయందు వారి సంతతివారు నేటికిని కలరు. ఇంట తెలుగు, బడిలో హిందీ. పిల్లలు మొదట నేర్చు లిపి దేవనాగరి.

అట్టి పిల్లలకై నడుచు ఒక తెలుగు తరగతికి ప్రశ్నపత్రము కూర్చుమని నన్ను కోరిరి. స్వరాష్ట్రమున వాడు ప్రణాళిక ననుసరించి 100 మార్కుల పత్రమును కూర్చితిని. అందు మాటలాడుటకు ఒక్క మార్కైనను లేదు. అది లోపమని అప్పుడు తోచలేదు.

ఉక్తలేఖనమున “మెడ” అనిన చోట పలువురు “మేడ” యనియు, “కొన” అనిన చోట “కోన” యనియు వ్రాసిరి. వీరికి తెలుగు రాదని తీర్మానించి మార్కులు తగ్గించితిని. ఒక బాలిక వ్యాసమంతయు దేవనాగరిలో వ్రాసినది. చదువకయే సున్న వేసితిని. మరునాడు ఆమె తల్లి వచ్చి, “మా గుంటకి తెలుగు రాదంటారేటి బాబూ?” అని అడిగినది. సమాధానము తోచక, ఆ కాగితమును బాలికచేతనే చదివించితిని. ముత్తాత ఊరు విడిచి రైలెక్కిన కథ యది. “నాను”, “ఎల్లిపోనాడు” వంటి రూపములతో చక్కని కళింగాంధ్ర వాక్కు. హ్రస్వదీర్ఘములలో ఒక్కటియు తప్పలేదు.

పిదప మెడను, మేడను బొమ్మలు గీచి తక్కిన పిల్లలను పలుకుమంటిని. తప్పినవారు లేరు. కారణము స్పష్టము. హిందీ వ్రాతలో ఏత్వమునకు ఒక్కటే గుర్తు, ఓత్వమునకు ఒక్కటే. హ్రస్వమునకు వేఱు గుర్తు వాడుకలో లేదు. ఆ లిపితో చదువు మొదలిడిన పిల్లవానికి నోట ఉన్న భేదము చేతికి రాదు. ఇది భాషాదోషము గాదు, లిపిదోషము. స్వరాష్ట్ర ప్రణాళికయో, వీధిలోని ప్రతి అంగడిపైనను తెలుగు అక్షరములు చూచు పిల్లవానికై ఏర్పడినది. కదమాలోని పిల్లవానికి ఆ సహాయము లేదు.

ఏ తెలుగునకు మార్కులు వేయవలెనను ప్రశ్న మనకు క్రొత్త గాదు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన అసమ్మతిపత్రము దానిని గూర్చినదే గదా. ఆ వివాదమును ఏటేట పాఠముగా చెప్పుచునే నేను ఆ సున్న వేసితిని! గిడుగు రామమూర్తి మార్గము ఇచ్చట మఱింత ఉపకరించును. ఆయన సవరలకు చదువు చెప్పదలచి, ముందు తాను సవర నేర్చెను. 1931లో ఆ భాషపై గ్రంథమును ప్రకటించెను. సవర ముండా కుటుంబమునకు చెందినది. జమ్‌షెడ్‌పుర పరిసరములందలి హో, సంతాలీలు దానికి జ్ఞాతులు. సంతాలీ నేడు ఓల్ చికీ, దేవనాగరి, బెంగాలీ మున్నగు పలు లిపులలో వ్రాయబడుచున్నది. ఆ భాష నేర్పువారికి లిపి వేఱు, భాష వేఱని వేఱుగ చెప్పనక్కఱలేదు.

మరుసటి యేడు పత్రమును రెండుగ విభజించితిని. వినుట, చెప్పుట ఒక పట్టిక. లిపి మఱియొక పట్టిక. రెంటిని కలిపి కూడలేదు. దేవనాగరి వ్రాతను మొదటి పట్టికలో స్వీకరించితిని. ఎ-ఏ, ఒ-ఓ జంటలకు ప్రత్యేక పాఠములు చేర్చితిని. లిపి రాకున్నను మార్కులు వచ్చినచో ఎవరు నేర్తురని ఒక మిత్రుడు ఆక్షేపించెను. ఆక్షేపణ నిజమే; కొందఱు నేర్వలేదు. ఆ బాలిక మాత్రము ముత్తాత కథను ఈసారి తెలుగు అక్షరములలో వ్రాసినది. అందలి “నాను”ను దిద్దవలెనా, వలదా యని మా ఇద్దఱు పరీక్షకులకును ఇంకను ఏకాభిప్రాయము కుదరలేదు.