పుస్తకాల ర్యాకుకు ఏ చెక్క షీటు? దాతలకు ఒక వివరణ





పిల్లలు చదువుకునే గదికి పుస్తకాల ర్యాకు చేయించి ఇస్తామని ముందుకొచ్చే దాతలు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: "ప్లైవుడ్ వేయించమంటారా, ఎం.డి.ఎఫ్. చాలంటారా?" దుకాణానికి వెళితే ఒకే కొలత షీటుకు నాలుగైదు ధరలు చెబుతారు. పైన సన్‌మైకా అంటించాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి. తేడా బయటపడేది ఒకటి రెండు వానాకాలాలు గడిచాకే. అందుకే ఈ సంచికలో ఆ సంగతి కాస్త వివరంగా చెబుతున్నాము.

పుస్తకాల ర్యాకు సదఖా జారియా. ఎన్నేళ్లు పిల్లలు అందులోంచి పుస్తకం తీసి చదువుకుంటే అన్నేళ్లు ఆ పుణ్యం సాగుతుందని మన నమ్మకం. అంటే చెక్క ఎంతకాలం నిలుస్తుందన్నది కూడా చిన్న విషయం కాదు. ఇంకో మాట. జకాత్ సొమ్ముకు ఎనిమిది వర్గాల హక్కుదారులను సూరా తౌబా నిర్ణయించింది. కాబట్టి ర్యాకులకు జకాత్ సొమ్ము వాడము. సదఖా, చందాల నుంచే ఖర్చు పెడతాము.

మన వాతావరణం

సముద్రం మన చీపురుపల్లికి కనిపించనంత దూరంలో ఉన్నా, దాని తేమ మాత్రం మన గోడల దాకా వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద, 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటాయి. అలాంటి రోజుల్లో కిటికీ జల్లు, గోడ చెమ్మ, నేల మీద నిలిచిన నీరు తప్పవు. దానికి తోడు చెదలు. కాబట్టి పెద్ద నగరంలో ఏసీ గదికి పనికొచ్చిన షీటు ఇక్కడి గదికి పనికొస్తుందని చెప్పలేము.

పెద్దల కాలంలో టేకు, పనస, వేప వాడేవారు. పక్కనున్న బొబ్బిలి వీణకు నేటికీ పనస చెక్కే ఆధారం. అయితే అడుగు వెడల్పున్న మంచి పలక ఈ రోజుల్లో దొరకడం కష్టం, దొరికినా ధర ఎక్కువ. అందుకే 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉండే షీట్ల మీద ఆధారపడుతున్నాము.

షీట్లలో రకాలు

పార్టికల్ బోర్డు అంటే చెక్క పొట్టు, ముక్కలను జిగురుతో నొక్కి చేసినది. అన్నిటికంటే చవక. అంచు నుంచి నీరు తగిలితే ఉబ్బుతుంది, ఉబ్బినది మళ్లీ తగ్గదు. స్క్రూ ఒకసారి ఊడితే అదే చోట మళ్లీ పట్టదు.

ఎం.డి.ఎఫ్. చెక్క నారతో చేసినది. చాలా నునుపు, రంగు బాగా పడుతుంది. కానీ 18 మి.మీ. షీటు సుమారు 40 కిలోలు తూగుతుంది. మామూలు రకం నీటికి ఓర్చదు. బరువుకు నెమ్మదిగా వంగిపోతుంది.

ప్లైవుడ్‌లో పలుచని చెక్క పొరలను ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా అతికిస్తారు. ఒక పొర నార నిలువుగా ఉంటే తర్వాతది అడ్డంగా ఉంటుంది. అందుకే విరగదు, మెలి తిరగదు, స్క్రూను గట్టిగా పట్టుకుంటుంది.

బ్లాక్ బోర్డు మధ్యలో చెక్క పట్టీలు, పైనా కిందా పలుచని పొరలు ఉంటాయి. పొడవాటి తలుపులకు మంచిది.

మా సలహా ప్లైవుడ్. అందులోనూ రకం చూడాలి. బజారులో కమర్షియల్ అని పిలిచే ఎం.ఆర్. రకం కొద్దిపాటి తేమకే ఓర్చుతుంది. ఐ.ఎస్. 303 కింద వచ్చే బి.డబ్ల్యు.ఆర్. రకం మన గదులకు తగినది. ఐ.ఎస్. 710 మెరైన్ ప్లైవుడ్‌ను పరీక్షలో 72 గంటలు నీళ్లలో ఉడికించి చూస్తారు. వజూ ఖానా పక్కన, వంటగదిలో పెట్టేవాటికి అది అవసరం. పుస్తకాలకు అంత అక్కరలేదు.

పిల్లల ఆరోగ్యం కూడా చూడాలి. చాలా షీట్ల జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దానిని క్యాన్సర్ కారకంగా నిర్ధారించింది. ఇ-1 లేదా ఇ-0 గుర్తు ఉన్న షీటు అడగండి. అంచులన్నీ మూయించి, కొత్త ర్యాకును కొన్ని రోజులు గాలి తగిలేలా ఉంచాకే గదిలో పెట్టండి.

కొలతలోనే పొదుపు

ఒక అడుగు నిడివిలో పుస్తకాలు సుమారు 8 నుంచి 10 కిలోలు తూగుతాయి. అరను మూడడుగులకు బదులు రెండున్నర అడుగులు పెడితే, నిండా పుస్తకాలు పేర్చినా వంగడం సగానికి తగ్గుతుంది. మందం 12 మి.మీ.కు బదులు 18 తీసుకుంటే మూడో వంతుకు తగ్గుతుంది.

ఈ కొలతలో ఇంకో లాభం ఉంది. ఒక 18 మి.మీ. షీటును పొడవునా నాలుగు పట్టీలుగా కోయించండి. రెండు పట్టీల నుంచి ఆరడుగుల పక్క పలకలు రెండు వస్తాయి. మిగతా రెండింటి నుంచి రెండున్నర అడుగుల అడ్డ పలకలు ఆరు వస్తాయి. ఒక్క షీటుతో ఐదు అరల ర్యాకు! మిగిలిన రెండడుగుల ముక్కలు అడుగున కాళ్లకు పనికొస్తాయి. అదే మూడడుగుల అర అయితే అడ్డ పలకలు నాలుగే వస్తాయి, రెండో షీటు కొనాలి. వెనుక భాగానికి 6 మి.మీ. ప్లై చాలు.

కొనేటప్పుడు, చేయించేటప్పుడు

షీటు మీద ఐ.ఎస్.ఐ. గుర్తు, దాని కింద లైసెన్సు నంబరు ఉన్నాయా చూడండి. అంచున పొరల మధ్య ఖాళీలు ఉండకూడదు. వేలితో తట్టుకుంటూ పోతే ఎక్కడా డొల్ల శబ్దం రాకూడదు. నిలబెట్టి అంచు వెంట చూస్తే వంకర తెలుస్తుంది. రకం పేరు రాసిన బిల్లు తప్పక తీసుకోండి.

అర పొడవు వెంటే పై పొర నార ఉండేలా కోయమని వడ్రంగికి చెప్పండి. కోసిన ప్రతి అంచుకూ, కంటికి కనిపించని అడుగు అంచుకు కూడా, బీడింగు లేదా రంగు వేయించండి. నీరు, చెద ముందు అక్కడి నుంచే వస్తాయి. ర్యాకు నేలకు మూడంగుళాల ఎత్తున, గోడకు అంగుళం ఎడంగా ఉంటే చెద మట్టి దారి కనిపిస్తుంది. నిండిన ర్యాకు వంద కిలోలు దాటుతుంది. పిల్లలు అరలు పట్టుకుని ఎక్కుతారు. కాబట్టి పై భాగాన్ని ఇనుప క్లాంపులతో గోడకు బిగించకుండా వాడకూడదు.

దాతలకు మా మనవి ఇదే. అదే సొమ్ముతో నాసిరకం ర్యాకులు మూడు చేయించే బదులు మంచివి రెండు చేయించండి. మీరిచ్చే ప్రతి రూపాయి మా దగ్గర అమానత్. ఏ షీటు కొన్నామో, ఎన్ని కొన్నామో ఆ బిల్లులు ఏ దాత వచ్చి అడిగినా చూపిస్తాము.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించి, మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను ప్రసాదించుగాక. ఆమీన్.